కరెంటు తినేదెవరు

అయినా దుప్పటి పిండడానికి ఇద్దరు మనుషులు కావాలన్న సంగతి ఈ ఇంట్లో ఎవరికీ తట్టలేదు. ఒక కొస కుళాయికి చుట్టి, రెండో కొస పట్టుకుని నేనే మెలితిప్పుతున్నాను. పక్కనే వాషింగ్ మెషిన్ ఉంది. మా ఆయన దాని ప్లగ్గు ఊడదీసి, వైరు చుట్ట చుట్టి దాని నెత్తినే పెట్టారు. పోయిన నెల కరెంటు బిల్లు చూసి, "ఇది ఇల్లా, ఫ్యాక్టరీయా?" అన్నారు. తర్వాత దొంగను వెతికినట్టు గదిగదీ తిరిగారు. మిక్సీ, ఇస్త్రీపెట్టె, వంటింటి ఫ్యాను, ఈ మెషిన్. దొరికిన దొంగలన్నీ నా చేతి కింద పనిచేసేవే. చివరికి పడకగదిలోకీ వెళ్ళారు. వెళ్ళి, ఏసీ వేసుకుని పడుకున్నారు.

"మా రోజుల్లో చేతులే మిషన్లమ్మాయ్. ప్లగ్గులు లేవుగా పీకడానికి!" అన్నారు అత్తగారు, తన మాటకి తనే మురిసిపోతూ. ఎండలు ముదిరాక ఆవిడ మంచం కూడా ఆ గదిలోకే మారింది. నాది హాలు. ఫ్యాను గాలే ఒంటికి మంచిదని నాకు చెప్పింది కూడా ఆవిడే.

ఆ ఏసీని మా ఆయన పెళ్ళికి ముందు, మొదటి బోనసుతో కొన్నారట. వీధి మొత్తానికి అదే మొదటిదట. చుట్టాలొస్తే ఆ గదిలో కూర్చోబెట్టి, "చలేస్తోందా? తగ్గించనా?" అని అడగడం ఆయనకి ఎంత ఇష్టమో నేను కళ్ళారా చూశాను. అప్పట్లో గది చల్లబడగానే అది ఆగి కాసేపు ఊరుకునేది. ఇప్పుడు ఆగదు. మూలుగుతూ తిరుగుతూనే ఉంటుంది. చల్లదనం చాలక ఆయన రిమోట్ నొక్కి అంకె తగ్గిస్తారు. అంకె తగ్గుతుంది, ఉక్క తగ్గదు, బిల్లు పెరుగుతుంది.

ఇది నాకు తెలియకపోవడానికి వీల్లేదు. కరెంటు ఆఫీసులో ఫిర్యాదుల ఫోన్లు ఎత్తడం నా ఉద్యోగం. నిన్న ఒకాయన చేశాడు. "అయితే మీ మీటరన్నా దొంగదయ్యుండాలి, లేదా మా ఆవిడన్నా అయ్యుండాలి," అన్నాడు. వెనక నుంచి ఒక సన్నని గొంతు, "ఏసీ సంగతి చెప్పండి," అంటోంది.

"నువ్వుండవే!" అన్నాడాయన.

"మీ ఏసీ ఎన్నేళ్ళది సార్?" అని అడిగాను.

"దాని ఊసెందుకండీ మధ్యలో? రాయిలా ఉంది."

"పాతబడితే ఆగకుండా తిరుగుతుంది సార్. చల్లదనం తక్కువ, లాగే కరెంటు ఎక్కువ. ముందు శుభ్రం చేయించి చూడండి. అప్పటికీ అలాగే ఉంటే మార్చడమే మేలు."

వెనక నుంచి మళ్ళీ ఆ సన్నని గొంతే, "అదే నేను చెప్తే చెవికెక్కదు," అంది. ఫోను పెట్టేశాక నా మాటలే మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. ఎంత తేటగా చెప్పాను! ఒక్క 'ఏమో' లేదు, ఒక్క 'అంటే మరి' లేదు. జీతమిస్తే తప్ప నా నోట నిజం రాదా?

ఇంట్లో ఒకసారి అనకపోలేదు. "ఏసీ పాతదైపోయిందేమోనండీ," అన్నాను, అన్నం వడ్డిస్తూ, ఆయన మొహం చూడకుండా. "నేనూ పాతవాణ్ణే. నన్నూ మార్చేస్తావా?" అన్నారు. అత్తగారికి నవ్వుతో పొలమారింది. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆయన పౌరుషం కాపాడడం కోసం నవ్వాననుకున్నాను. భయం అంతకన్నా మర్యాదైన పేరు పెట్టుకుని రావడం అప్పటికి నాకు తెలియదు. ఆ తర్వాతే గదిలోంచి బయటికొస్తూ లైటు ఆపానా లేదా అని వెనక్కి తిరిగి చూసుకోవడం మొదలైంది. వంటింట్లో చెమట ధారలు కడుతున్నా ఫ్యాను స్విచ్చు వైపు చెయ్యి వెళ్ళడం మానేసింది. తప్పు చేయకపోయినా రోజూ శిక్ష అనుభవిస్తుంటే, కొన్నాళ్ళకి తప్పు కూడా మనదేననిపిస్తుంది. మొన్న బిల్లు గురించి పక్కింటావిడ అడిగితే, "నేనే కాస్త ఎక్కువ వాడతానులెండి," అన్నాను. ఎవరూ నింద వెయ్యకుండానే ఒప్పేసుకున్నాను!

"ఇదిగో, వింటున్నావా?" లోపల నుంచి మా ఆయన కేక. "ఆ నీళ్ళ చప్పుడు కాస్త తగ్గించు. ఆదివారం పూటన్నా నిద్రపోనివ్వవా?"

"పన్లోపని తలుపు దగ్గరగా వెయ్యమ్మాయ్," అత్తగారు అందుకున్నారు. "ఉన్న చల్లదనం కాస్తా నీ వైపే పోతోంది."

దుప్పటి వదిలేశాను. మెలికలన్నీ విప్పుకుంటూ అది నీళ్ళలో చతికిలబడింది. తలుపు దగ్గరకి వెళ్ళాను. వెయ్యడానికే వెళ్ళాననుకుంటాను. కానీ లోపలికి నడిచాను. ఇద్దరూ కళ్ళు మూసుకునే ఉన్నారు. ఇద్దరి మెడల మీదా చెమట. ఏసీకి ఎదురుగా అరచెయ్యి పెట్టి చూశాను. చల్లారుతున్న గిన్నె మూత తీసినట్టు గోరువెచ్చగా ఉంది గాలి. దీనికోసమా నేను దుప్పట్లు పిండుతున్నది?

చేతులు పైటకి శుభ్రంగా తుడుచుకుని, స్విచ్చు ఆపేశాను.

అత్తగారు ఉలిక్కిపడి లేచారు. "ఏమైంది? కరెంటు పోయిందా?"

"పోలేదత్తయ్యా. నేనే ఆపాను. బిల్లు పెంచుతున్నది ఇదే," అన్నాను, ఈసారి మా ఆయన మొహంలోకి చూస్తూ. ఆయన నోరు తెరిచే లోపు కిటికీ గడియ తీశాను.