మూడో చరణం

"ఒక్క గుండిగ పచ్చడికి ఇంతమంది ఆడవాళ్ళా!" అని నవ్వి, పెరట్లో పొయ్యి రాజేసి, అంతటితో తన వంతు అయిపోయినట్టు చేతులు దులుపుకుని యాగొద మొగుడు స్వెటోజార్ బయటికి వెళ్ళిపోయాడు. సెర్బియాలో ఈ లెస్కోవత్స్ ఊరి చుట్టుపక్కల మగవాళ్ళందరిదీ ఇదే వరస. ఎర్ర బుంగమిరపకాయలు బస్తాలకొద్దీ ఇంటికి దిగే రోజుల్లో మగవాడు నిప్పు పెడతాడు, సారా దుకాణానికి పోతాడు, ఐవార్ పచ్చడి దగ్గరపడ్డాక రొట్టెముక్క పట్టుకుని రుచి చూడటానికి వస్తాడు. కాల్చడం, తొక్క ఒలవడం, రుబ్బడం, నూనె పోస్తూ సాయంత్రందాకా తెడ్డు తిప్పడం ఆడవాళ్ళ పని. అంతా అయ్యాక ఉప్పు తగ్గిందని ఒక మాట కూడా పడాలి. ఇరవయ్యేళ్ళుగా యాగొద పడుతూనే ఉంది.

పక్కింటి నెవెంక ఒక చేత్తో తొక్కలు తీస్తూ, రెండో చేతి కణుపుతో ఫోన్లో వీడియోలు జరుపుతోంది. పెళ్ళి బాకాలు, వెంటనే వంతెనకి రిబ్బను కత్తిరిస్తున్న మంత్రి, జుట్టు రాలకుండా ఏదో నూనె, రోడ్డు మీద డప్పులు కొడుతూ విద్యార్థుల ఊరేగింపు, మళ్ళీ మంత్రి. నూనె అమ్మేవాడికీ పాటే, ఓటడిగేవాడికీ పాటే. పచ్చడి తిప్పుతూ వింటున్న యాగొద చెయ్యి ఉన్నట్టుండి ఆగిపోయింది. ఆ ఫోన్లోంచి వస్తున్నది తన గొంతు.

తెర మీద ఇరవయ్యేళ్ళ పిల్ల పొయ్యి దగ్గర నిలబడి పెదాలు కదుపుతోంది. కుట్టుపని చేసిన ముందుగుడ్డ మీద మసి చుక్కైనా లేదు. అలాంటి పిల్ల ఎక్కడా లేదు, కంప్యూటరు చేసిన బొమ్మ. ఆ బొమ్మ నోట్లో యాగొద అమ్మమ్మ నేర్పిన పాట, ఆవిడలాగే చివర చిన్నగా విరిచే రాగం. వెనక బాకాలు కలిపారు. ఆఖర్న మేయరు రొట్టె మీద పచ్చడి రాసుకు తింటూ, మన ఇల్లు, మన రుచి, మన ఓటు అన్నాడు.

"యాగొదక్కా, ఇది నీ గొంతు కదూ?" అంది నెవెంక.

పోయినేడు ఆమె పాడుతుంటే స్వెటోజార్ ఫోన్ పట్టుకుని పొయ్యి దగ్గర నిలబడ్డాడు. ఇన్నేళ్ళ కాపురంలో తన పాట నిలబడి విన్నది అదే మొదలని ఆమె ఎంత మురిసిపోయిందో! ఆ మురిపెం గుర్తొచ్చి ఒళ్ళు మండింది. మొగుడికి ఫోన్ చేసి అడిగితే, "నేనే రికార్డు చేసి ఇచ్చాను. నీ మొహం పెడితే ఎవరు చూస్తారే? పార్టీవాళ్ళు అందంగా చేశారు, సంతోషించు" అన్నాడు. పాటే కదా, పోయిందేముందని అత్తగారు దెసాంక కూడా పీట మీంచి గొణిగింది. ఏం పోయిందా? తను పనిచేసే మేజోళ్ళ ఫ్యాక్టరీ మూయొద్దని ఆడవాళ్ళంతా వెళ్ళి మునిసిపల్ ఆఫీసు ముందు నిలబడ్డనాడు ఈ మేయరే మెట్ల మీదికి వచ్చి, ఇంటికెళ్ళి మిరపకాయలు కాల్చుకోండమ్మా అన్నాడు. స్వెటోజార్ ఆ మాట రాత్రి భోజనం దగ్గర మళ్ళీ చెప్పి పగలబడి నవ్వాడు. కాల్చుకుంటూనే ఉన్నాం కదరా నాయనా, దాన్ని కూడా వచ్చి ఎత్తుకుపోవాలా? ఫ్యాక్టరీలో నా చేతులు వద్దు, వీడియోలో నా మొహం వద్దు, గొంతు మాత్రం కావాలి. అదీ నన్ను అడక్కుండా.

అయితే వాళ్ళు ఎత్తుకుపోయింది రెండు చరణాలే. స్వెటోజార్ అంతవరకే నిలబడ్డాడు మరి. మూడో చరణం పచ్చడి చిక్కబడే వేళకి, మగవాళ్ళు లేనప్పుడు పాడతారు. అదొకటుందని ఏ మగవాడికీ తెలియదు.

"నెవెంకా, చెయ్యి కడుక్కుని ఫోన్ పట్టుకో. నా మొహం పడాలి. మసి తుడుచుకోను."

నెవెంక పట్టుకుంది. "మేయరుగారి వీడియోలో గొంతు నాది," అంది యాగొద. "నన్నెవరూ అడగలేదు. వాళ్ళకి తెలియని చరణం ఇంకోటుంది, వినండి."

కాల్చినదాన్ని నేనే, ఒలిచినదాన్ని నేనే,
వేళ్ళు కాల్చుకుని తెడ్డు తిప్పినదాన్ని నేనే,
గిన్నె పట్టుకొచ్చిన దొరా,
నువ్వెవరివి చెప్పవోయ్?

పచ్చడి చిటపటలాడే వేళకి, నెవెంక పెట్టిన వీడియోతో ఆ చరణం ఊరు దాటింది. ఎవరెవరో ఆడవాళ్ళు తమ తమ గుండిగల ముందు నిలబడి దానికి గొంతు కలిపి వీడియోలు పెడుతున్నారు. మేయరు వీడియోలోని బొమ్మపిల్ల పెదాల మీద ఎవరో ఈ చరణాన్నే అతికించారు. బొమ్మ నవ్వుతూనే, నువ్వెవరివి చెప్పవోయ్ అంటోంది.

స్వెటోజార్ రొప్పుతూ వచ్చాడు. ఈసారి చేతిలో రొట్టె లేదు. "ఆ వీడియో తీసెయ్యవే! పార్టీవాళ్ళు నా పీక మీద కూర్చున్నారు," అన్నాడు. యాగొద తీయనంది. అతను తల్లి వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వైనా చెప్పు."

దెసాంక తొక్కలున్న పళ్ళెం పక్కన పెట్టింది. యాభయ్యేళ్ళు తెడ్డు తిప్పిన చేతులు ఒళ్ళో తుడుచుకుంది.

"మా రోజుల్లో ఆ చరణం ఇంకా ఘాటుగా ఉండేదిరా," అంది.

యాగొద అత్తగారి వంక చూసింది. తర్వాత తెడ్డు తీసి మొగుడి చేతిలో పెట్టింది.

"అడుగంటకుండా తిప్పు. అత్తయ్య పాడతారు."

నెవెంక ఫోన్ మళ్ళీ పైకెత్తింది. ఈసారి తెడ్డు పట్టుకున్న స్వెటోజార్ కూడా అందులో పడ్డాడు.