బస్సు టైము దాకా చూసిన సినిమా

లిదియమ్మ ఇంట్లో సినిమా సోమవారం సాయంత్రం మొదలయ్యేది. తెర లేదు, టికెట్టు లేదు. బడి నుంచి వచ్చిన మొగుడు జోయల్ చేతిసంచి మేకుకు తగిలించి, కాళ్లు కడుక్కుని, కాఫీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. "రజిని టీచర్ ఏమంటుండాదంటే..." అని ఎత్తుకునేవాడు. అంతే, లిదియమ్మకు అరికాలి మంట నెత్తికెక్కేది.

రజిని టీచర్ ఉదయగిరి బడిలో జోయల్‌తో పాటు పనిచేస్తుంది. బడి ఉన్న రోజుల్లో ఇక్కడే గది తీసుకుని ఉంటుంది. సెలవొస్తే ఆత్మకూరులో మొగుడి దగ్గరికి పోతుంది. మొగుడు రామనారాయణది అక్కడ కరెంటాఫీసులో ఉద్యోగం. మొగుడూ పెళ్లాలిద్దరికీ సినిమా పిచ్చి. ఆత్మకూరులో పడిన ఏ కొత్త బొమ్మనీ వదలరు. సోమవారం మధ్యాహ్నం అన్నం గిన్నెలు విప్పేసరికి ఆమె దగ్గర ఒక సినిమా సిద్ధంగా ఉంటుంది.

జోయల్ పుట్టి బుద్ధెరిగాక ఒక్క సినిమా చూసినవాడు కాదు. వాళ్ల నాయన సంఘంలో పెద్ద. బాప్తిస్మం తీసుకున్ననాడు జోయల్ సినిమా హాలు గడప తొక్కనని పాస్టరు గారి ముందు ఒప్పుకున్నాడు. లిదియమ్మా అట్లాగే ఒప్పుకుంది. అయితే, చూడనని ఒప్పుకున్నాడు గానీ విననని ఎవరికీ మాటివ్వలేదు కదా. కాబట్టి రజిని టీచర్ నోట విని, ఇంటికొచ్చి లిదియమ్మకు వినిపించేవాడు. ఫస్టు హాఫ్ పర్వాలేదంట. సెకండ్ హాఫ్ జీళ్లపాకంలా సాగదీశాడంట. హీరోయిన్‌కు ఆ పచ్చచీర అస్సలు నప్పలేదంట. విలన్ అరుపులకు చెవులు చిల్లులు పడ్డాయంట.

పచ్చచీర నప్పకపోతే నీకేం పోయింది మహానుభావా అని లిదియమ్మ నోటిదాకా వచ్చేది. పెళ్లయి రెండేళ్లు. తను బోరింగు దగ్గర జరిగిన తగువు చెబితే ఊ అంటాడు. కోడి పొదిగిన సంగతి చెబితే ఆ అంటాడు. రజిని టీచర్ చెప్పింది చెప్పేటప్పుడు మాత్రం కళ్లు ఇంతింతవుతాయి, కాఫీ చేతిలోనే చల్లారిపోతుంది. లిదియమ్మకు కావలసింది సినిమా కాదు. తన మాట వింటూ మొగుడు ఒక్కసారైనా కాఫీ తాగడం మరిచిపోవాలి. అంతకుమించి ఆమె దేవుణ్ణి కూడా ఏమీ అడగలేదు.

ఒక సోమవారం జోయల్ ఇంకో మెట్టెక్కాడు. సినిమాలో హీరో తాగి మెట్లు దిగుతూ తూలిపడే సీను అరుగు మీద చేసి చూపించాడు. పక్కింటివాళ్లు కూడా నవ్వారు. లిదియమ్మ నవ్వలేదు. చూడని మనిషి ఇంత బాగా ఎట్లా తూలతాడు? ఆ అనుమానం ఆమె కడుపులో దూరి అక్కడే కాపరం పెట్టింది.

రెండో శనివారం సెలవు. ఆత్మకూరులో యూనియన్ మీటింగుందని జోయల్ పొద్దున్నే బయల్దేరాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. క్రిస్మస్‌కు కుట్టించిన నీలం చొక్కా తొడిగాడు. యూనియన్ మీటింగులో చొక్కా ఎవరు చూస్తారని లిదియమ్మ అడగలేదు. అడిగితే తప్పించుకుంటాడు. ఆమెకు మనిషి సినిమా హాల్లోనే దొరకాలి. పక్కింటామెతో ఆత్మకూరులో ఉన్న అక్క రెబెకమ్మను చూసి వస్తానని చెప్పి, తర్వాతి బస్సెక్కింది.

అక్క ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా ఆరోజు ఆమెకు గుర్తు రాలేదు. బస్సు దిగి నేరుగా హాలు దగ్గరికి పోయింది. మ్యాట్నీకి గంట కొట్టేశారు. గేటు దగ్గర ఎంత వెతికినా నీలం చొక్కా కనిపించలేదు. లోపలికి పోయి ఉంటాడు. ఒక్క క్షణం పాస్టరు గారి ముఖం కళ్ల ముందు మెదిలింది. పాస్టరు గారికేం, ఆయన పెళ్లానికి పరాయి ఆడది చెప్పిన సినిమా వినే ఖర్మ లేదు అనుకుని, టికెట్టు తీసుకుని లోపలికి పోయింది. అట్లా లిదియమ్మ మొదటిసారి సినిమా హాలు గడప తొక్కింది.

ఆడవాళ్ల బెంచీలు ఒక పక్క, మగవాళ్లవి ఇంకో పక్క. వెనక కుర్చీలు. తెర మీద వెలుగు పెరిగినప్పుడల్లా లిదియమ్మ తల వెనక్కి తిప్పేది. పక్కనున్న ముసలామె "బొమ్మ ముందరుండాది తల్లీ" అని రెండుసార్లు చెప్పి చూసింది. ఇంటర్వెల్‌లో లైట్లు వెలిగాయి. వెనక కుర్చీల్లో రజిని టీచర్, పక్కన రామనారాయణ, ఆ పక్కన ఒక ఖాళీ కుర్చీ. హాలంతా కిటకిటలాడుతుంటే ఆ ఒక్క కుర్చీ ఖాళీ. అది జోయల్‌దే అనుకుంది లిదియమ్మ. సోడా తాగడానికి పోయినట్టున్నాడు, వస్తాడు. కొంగు ముఖం మీదికి లాక్కుని కూర్చుంది.

ఆమె కూర్చుంది కానీ సినిమా ఆమెను ఊరికే కూర్చోనివ్వలేదు. కథలో ఒక ఇల్లాలు. మొగుడికి పక్క ఊళ్లో ఇంకో సంసారం ఉన్న సంగతి ఆమెకు తెలిసిపోయింది. అరవలేదు, ఏడవలేదు. తాళి తీసి కళ్లకద్దుకుని దేవుడి పటానికి తగిలించి, ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంది. ఆ తాళి తీసేటప్పుడు లిదియమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది. ఖాళీ కుర్చీ సంగతే మరిచిపోయింది. ఇల్లాలు పెట్టెతో వాకిట్లోకి వచ్చింది. ఎదురుగా మొగుడు. సరిగ్గా అప్పుడే హాల్లో సగం మంది లేచారు.

ఉదయగిరి బస్సు టైమయింది. అది పోతే తర్వాతది ఎప్పుడొస్తుందో, వచ్చినా కాలు పెట్టడానికి చోటుంటుందో లేదో ఎవరూ చెప్పలేరు. అందుకే ఉదయగిరి, సీతారామపురం వైపు వాళ్లకు ఏ సినిమాకూ ముగింపు తెలియదు. ఆఖరి అరగంట ఆత్మకూరు వాళ్ల సొత్తు. లిదియమ్మ తలుపు దాకా వెనక్కి వెనక్కి నడిచింది. పెట్టె ఇంకా ఆ ఇల్లాలి చేతిలోనే ఉంది.

బస్సులో ముందు సీటు దొరికింది. బస్సు కదలబోతుంటే పరిగెత్తుకుంటూ వచ్చి ఎక్కినవాడు జోయల్. లిదియమ్మను చూసి ఆశ్చర్యపోయాడు, సంతోషపడ్డాడు కూడా. అక్క దగ్గరికి పోయి వస్తున్నానంది. అక్కకెట్లా ఉందని అడిగాడు. మోకాళ్ల నొప్పులంది. అబద్ధం అంత సులభంగా వస్తుందని ఆమెకే తెలియదు. అతను ఆమె సీటు వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు.

బస్సు ఊరు దాటకముందే సినిమా మీద పంచాయితీ మొదలయింది. సగం బస్సు హాల్లోంచి వచ్చిందే మరి. పాటలు బాగాలేవని ఒకరు, ఫైటింగులే లేవు ఇదేం సినిమా అని ఒకరు. మేకల బేరం చేసే మాల్యాద్రి అందరికంటే గట్టిగా మాట్లాడుతున్నాడు. ఆ పెళ్లానిదే తప్పని తీర్పు చెప్పేశాడు. ఎంత కోపమొస్తే మాత్రం, తాళి తెంచి మొగుడి మొహాన కొడుతుందా అన్నాడు.

లిదియమ్మ పళ్లు బిగబట్టింది. కిటికీలోంచి బయటికి చూసింది. మాల్యాద్రి ఆ మాట ఇంకోసారి అన్నాడు. ఇక ఆగలేకపోయింది.

"కొట్టలా. తీసి, కళ్లకద్దుకొని, పటానికి తగిలించింది. నువ్వు నిద్రపోయినావా ఏంది?"

బస్సంతా నవ్వింది. మాల్యాద్రి కూడా నవ్వాడు. నవ్వనిది ఒక్కడే. లిదియమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. కడ్డీ మీద అతని చెయ్యి మాత్రం కనబడింది. వేళ్లు తెల్లగా బిగుసుకుని ఉన్నాయి.

ఉదయగిరిలో దిగి బస్టాండు దాటాక జోయల్ అడిగాడు.

"మీ అక్క మోకాళ్లు హాల్లో చూసినావా?"

ఇక దాచి లాభం లేదు. దాచాలని కూడా లేదు. "నిన్ను పట్టుకుందామని పోయినా. ఆయమ్మ పక్కన కుర్చీ ఎవురిది?" అంది.

"నాదే" అన్నాడు.

లిదియమ్మ రోడ్డు మీదే నిలబడిపోయింది. అతను చెప్పుకొచ్చాడు. మీటింగు అయ్యాక రజిని టీచర్, రామనారాయణ అతనికి కూడా టికెట్టు తీశారు. గేటు దాకా పోయాడు. రామనారాయణ చెయ్యి పట్టి లాగాడు. అయినా లోపలికి పోలేదు. బస్సు టైము దాకా టీ అంగట్లో కూర్చుని, గోడ మీద సినిమా బొమ్మలు చూస్తూ ఉండిపోయాడు.

"ఎందుకు పోలా?"

"బాప్తిస్మం సంగతి దేవుడికి తెలుసు. నాకైతే ఎప్పుడన్నా చూస్తే మొదటిది నీతో చూడాలని ఉండె. నువ్వు నన్నొదిలి ముందే చూసేసినావు."

ఆ మాటకు లిదియమ్మకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. నిజం చెప్పాలంటే, కుంగిపోతూ కుంగిపోతూ కాస్త మురిసింది కూడా. ఇన్నాళ్లూ తను మోసిన మంట ఇప్పుడు అతని ముఖంలో కనబడుతోంది. ఆడదాని మనసు అంత మంచిదేమీ కాదు. మగవాడిది మాత్రం మంచిదా? ఇల్లు చేరి కాఫీ ఇచ్చేదాకా ముఖం మాడ్చుకుని కూర్చున్నాడు. తర్వాత నేల చూపులు చూస్తూ, బాగుందా అని అడిగాడు.

అప్పుడు లిదియమ్మ చెప్పింది. మొదటి నుంచి చెప్పింది. ఇల్లాలు నడిచినట్టు నడిచింది, తాళి తీసినట్టు చేతులు తిప్పింది. మొగుడు పాత్ర వేసినవాడి గొంతు పీలగా ఉందనీ, మీసాలు మాత్రం పెద్దగా పెట్టాడనీ చెప్పింది. రెండో ఆడదానికి పౌడరు ఎక్కువైందంది. జోయల్ కాఫీ చల్లారిపోయింది. పైన మీగడ కట్టింది కూడా. లిదియమ్మ అది చూసింది. చూసి ఇంకాస్త నెమ్మదిగా, ఇంకాస్త సాగదీసి చెప్పింది. పెట్టె పట్టుకుని వాకిట్లోకి వచ్చిందాకా చెప్పి ఆపింది.

"తరవాత?"

"బస్సు టైమయింది."

ఆదివారం ఆరాధనలో ఏం ప్రసంగం జరిగిందో మొగుడూ పెళ్లాలిద్దరికీ తెలియదు. ఇంటికొచ్చే దారిలో అదే వాదన. ఆ ఇల్లాలు పోయి ఉండదని జోయల్. వాకిలి దాటిన పెట్టె లోపలికి రాదని లిదియమ్మ. మొగుడు కాళ్లు పట్టుకుని ఉంటాడని అతను. పట్టుకుంటే మాత్రం ఇంకో సంసారం మాయమవుతుందా అని ఆమె. మధ్యాహ్నం అన్నాల దగ్గర కూడా తెగలేదు. లిదియమ్మకు పెళ్లయిన రెండేళ్లలో అంతటి ఆదివారం రాలేదు.

సోమవారం జోయల్ బడికి పోయాక గానీ ఆమెకు అసలు సంగతి తట్టలేదు. ముగింపు రజిని టీచర్ దగ్గరుంది. ఆమె హాల్లోంచి లేవలేదు, ఆఖరి దాకా చూసింది. మధ్యాహ్నం గిన్నెలు విప్పుతారు. జోయల్ అడుగుతాడు, లేదా ఆమే చెబుతుంది. పెట్టెకేమయిందో వాళ్లిద్దరికీ తెలుస్తుంది. సగం సినిమా తను ఏడ్చి సంపాదించి మొగుడికిస్తే, మిగతా సగం ఆమె ఊరికే తెచ్చి కలిపేస్తుంది. ఇదివరకు సినిమా అంతా ఆమెది, మండినా ఒక తీరు. ఇప్పుడు తన సగంలోకి కూడా వచ్చి కూర్చుంటుంది.

సాయంత్రానికి లిదియమ్మ ఒక నిర్ణయానికి వచ్చింది. అతను ఎత్తుకుంటే చెవులు మూసుకోవాలి. కానీ చెవులు మూసుకుంటే ఏం లాభం? అతనికి తెలిసి తనకు తెలియకపోతే, అది ఇంకా ఘోరం కదా. వింటే ఆమె మాట విన్నట్టు. వినకపోతే వాళ్లిద్దరి మధ్య ఒక గుట్టు పెట్టినట్టు. ఇంకో దారి లేదు. అన్నం మాడిపోయింది.

జోయల్ వచ్చాడు. సంచి తగిలించాడు, కాళ్లు కడుక్కున్నాడు, కూర్చున్నాడు. ఎత్తుకోలేదు. చివరికి ఆమే ఉండబట్టలేక అడిగింది.

"చెప్పిందా మీ టీచరు?"

"చెప్పబోయినాది. నేనే ఇననన్నా."

లిదియమ్మకు అర్థం కాలేదు.

"పెట్టె దగ్గరికి రాంగానే చెయ్యి అడ్డం పెట్టినా. మా ఇంట్లో కథ ఇంకా వాకిలి దాటలేదు టీచర్, నువ్వు చెప్పొద్దు అన్నా. లిదియాకు తెలీంది నాకెందుకు?"

రెండేళ్లుగా ఈ ఒక్క మాట కోసం లిదియమ్మ ఎన్ని సోమవారాలు కుమిలిందో దేవుడికే తెలుసు. అందరి ముందూ తన పేరు చెప్పి, ఆ రజిని టీచర్ నోరు మూయించి వచ్చాడు. ఇంతకంటే ఏం కావాలి? కళ్లలో నీళ్లు తిరిగాయి. పోయి కాఫీ కలిపి తెచ్చింది. గ్లాసు అతని చేతికి ఇవ్వబోతూ ఆగింది. అతను చెప్పిందే మళ్లీ ఒకసారి మనసులో తిప్పి చూసుకుంది. ముఖం మెల్లగా మారింది.

"చెయ్యి అడ్డం పెట్టినావా?" అంది. "చెయ్యందేంత దగ్గిర కూర్చుంటాదా ఆయమ్మ?"