అప్పయ్య పెట్టిన బొట్టు

దోర్నపాల్ రోడ్డు పక్కన మెకానిక్ నవీన షెడ్డులో అప్పయ్య కారు బానెట్ నోరు తెరుచుకుని నిలబడింది. కిరాయికి తిప్పుకోవడానికి ఆయనకు ఉన్నది ఆ ఒక్క కారే. మధ్యాహ్నానికి గొల్లపల్లి పెళ్లివాళ్లను కొంట ఊరికి చేర్చాలి. చూస్తే టైమింగ్ బెల్టు నెర్రెలిచ్చింది.

"భద్రాచలం పోతే గంటలనే అయితది," అన్నారు చూడవచ్చినవాళ్లు.

"ఇక్కడనే అయితది," అంది నవీన. ఈ బెల్టు మార్చడం ఆమెకు ఇదే మొదలు. ఇంజను చెడితే అప్పయ్య బతుకుతో పాటు షెడ్డు పేరూ చెడుతుంది.

బెల్టుకు పళ్లుంటాయి. కింద పిస్టన్లు లేచే వేళకు పైన వాల్వులు తప్పుకునేలా చూసేవి అవే. సర్కారు పన్ను తప్పితే నోటీసొస్తుంది. ఈ పన్ను తప్పితే నోటీసు లేదు, నేరుగా జప్తే: పిస్టను వాల్వును గుద్ది వంచేస్తుంది. పైగా ఈ కారులో వేగాన్ని బట్టి వాల్వుల వేళను ముందూ వెనకా జరిపే చక్రం ఒకటుంది. సర్దుకుపోయే గుణం గలదే, కానీ మొదట సరిగ్గా నిలబెట్టాలి.

అందుకే నవీన పాత బెల్టు విప్పకముందే చక్రం మీదా, ఎదురుగా ఇంజను మీదా ఎర్ర గోళ్లరంగు చుక్కలు పెట్టింది. పాతది విప్పేసి, బజారుకెళ్లి కొత్త బెల్టు తెచ్చి, చుక్కకు చుక్క కలిపి బిగించింది.

అప్పయ్య ఫోను మోగుతూనే ఉంది. "బిడ్డా, బారాత్ వాళ్లు నన్ను తింటున్నరు! చాబీ తిప్పు!"

"చాబీ నా జేబుల ఉంది కాకా. ముందు చేత్తో రెండు చుట్లు తిప్పాలె."

రెంచితో మెల్లగా తిప్పింది. సగం చుట్టుకే టక్కుమని ఆగింది. ఆమె చేయి వెంటనే సడలించింది.

"కొత్త బెల్టు గదా, బిగువుంటది. గట్టిగ తిప్పు!"

"ప్లగ్గులు తీసిన, బిగువుండదు. లోపల ఇనుముకు ఇనుము తగుల్తాంది. నేను తిప్ప."

వంగి చక్రం మీది చుక్కను ముట్టుకుంది. వేలికి ఎర్రగా అంటింది. ఆరిన గోళ్లరంగు అంటదు.

"ఏంది కాకా ఇది?"

"కుంకుమ. కొత్త సామాను పెడుతున్నవని, నువ్వు బజారుకు పోయినప్పుడు కిరసనాయిలుతో కడిగి బొట్టు పెట్టిన. ఏదో మరకుంటే గీకేసిన."

"ఆ మరక ఉన్నచోటనే పెట్టినవా?"

"ఎదురుగ కనబడేటట్టు పెట్టిన!"

నవీనకు తిట్లు నోటిదాకా వచ్చాయి. మింగేసింది. అప్పయ్య కడిగిన చోట, ఇన్నాళ్లూ జిడ్డు కింద దాగిన చిన్న గాటు మెరుస్తోంది. కంపెనీవాళ్లు చక్రం పోతపోసినప్పుడే పెట్టిన అసలు గుర్తు. దానికి జోడీ గీత ఇంజను మీదా బయటపడింది.

"పెళ్లివాళ్లకు గంట ఆలస్యమని చెప్పు."

"గంటనా!"

"లేకుంటే భద్రాచలం దాకా తోసుకుపో."

అప్పయ్య చెప్పాడు. ఆమె బెల్టు విప్పి, గాటును గీతకు కలిపి, మళ్లీ బిగించింది. ఒక చుట్టు తిరిగింది. రెండో చుట్టూ ఎక్కడా తగలకుండా తిరిగింది. అప్పుడు జేబులోంచి చాబీ తీసింది. ఇంజను మొదటి పిలుపుకే పలికింది.

పోతూ పోతూ అప్పయ్య మిగిలిన కుంకుమ ఆమె రెంచికి అద్దాడు. నవీన తుడవలేదు. రెంచి మీది బొట్టును దేనితోనూ కలిపే పని లేదు కదా.