సోఫాగారి భర్త

మా గుంపులో నా పేరు కళ్లద్దాలు. అమ్మానాన్నలు పెట్టిన పేరు కాదనుకోండి. మాది ఫోనులో నడిచే పుస్తకాల గుంపు. మూడు వందల పైచిలుకు మందిమి, నెలకొక కొత్త నవల చదువుతాం. అక్కడ అందరూ చేసే పనినిబట్టే పిలుచుకోవాలని అడ్మినమ్మ మొదట్లోనే నియమం పెట్టింది. ఆవిడ ఒక ఆసుపత్రిలో మందుల గది చూసుకునే మనిషి, నియమాలంటే ప్రాణం. నేను కళ్లద్దాల షాపు వెనక గదిలో అద్దాలు సానపట్టి ఫ్రేముల్లో బిగిస్తుంటాను కాబట్టి కళ్లద్దాలు. లిఫ్టులు బాగుచేసే ఒకాయన ఉన్నాడు, ఆయన లిఫ్టు. ఏ నవల గురించి మాట్లాడినా తిన్నగా పై అంతస్తుకు పోయి ముగింపు చెప్పేస్తాడు.

ఇంకో నియమం ఏమిటంటే, నెలాఖరు శనివారం సాయంత్రంలోపు అందరం మా అభిప్రాయాలు అడ్మినమ్మకు పంపాలి. ఒకరిది చూసి ఒకరు రాయకుండా ఆదివారం పొద్దున పదింటికి అన్నిటినీ ఒక్కసారే బయటపెడుతుంది. వాటిలోంచి ఒక్క వాక్యాన్ని ఓట్లతో ఎంచుకుంటాం. దానికి నెల వాక్యం అని పేరు. రాసినవాళ్ల పేరుతో సహా అది నెలంతా గుంపు నెత్తిమీద ఉంటుంది. ఆరేళ్లలో నావి పంతొమ్మిది వచ్చాయి. లెక్కపెట్టుకున్నావా అంటే, పెట్టుకున్నాను.

నా భార్యను ఆ గుంపులోకి తీసుకొచ్చింది నేనే. ఎవరూ నా మెడమీద కత్తి పెట్టలేదు. నేను రాసింది చదివి నన్ను మెచ్చుకునేవాళ్లలో ఇంట్లోవాళ్లు కూడా ఒకరుంటే బాగుంటుందనిపించింది, అంతే.

ఆమె సోఫాలు కుట్టే వర్క్‌షాపులో పనిచేస్తుంది కాబట్టి గుంపులో ఆమె పేరు సోఫా. ఇరవై ఏళ్లుగా లావుపాటి సూదులతో రెగ్జిను కుట్టీ కుట్టీ వేళ్ల కొసలు కాయలు కాశాయి. అందుకని ఫోను తెర ఆమె వేలిని గుర్తుపట్టదు. నాలుగుసార్లు నొక్కితే ఒకసారి పలుకుతుంది. దీని దృష్టిలో నేను మనిషిని కాను అని ఫోను పక్కన పడేస్తుంది. కాబట్టి ఆమె నోటితో చెబుతుంటే టైపు చేసి పంపే సౌకర్యం మా ఇంట్లో నేనే. ఆదివారం పదింటికి అందరి అభిప్రాయాలూ పైకి చదివి వినిపించేదీ నేనే.

మొదటి నెల ఆమె మూడంటే మూడు వాక్యాలు చెప్పింది. పాపం, కొత్త కదా అని లోపల నవ్వుకుని పంపాను. మూడోది నెల వాక్యమైంది. సంతోషించాను, నిజంగానే. షాపులో అందరికీ చెప్పుకున్నాను. రెండో నెల కూడా ఆమెదే వచ్చినప్పుడు మంచిదే అన్నాను. మూడో నెల, ఈ మధ్య ఓట్లేసేవాళ్ల స్థాయి తగ్గిందన్నాను. నాలుగో నెల ఏమీ అనలేదు. ఆ నెలలోనే ఎవరో కొత్తగా చేరి, ఈ కళ్లద్దాలు ఎవరండీ, ఇంతింత పొడుగు రాస్తున్నారు అని అడిగారు. లిఫ్టు జవాబిచ్చాడు: "ఆయనా? సోఫాగారి భర్త."

దానికింద ముప్పై నవ్వు మొహాలు.

నేను ఒక్కో నవలా రెండుసార్లు చదువుతాను. పెన్సిలుతో గీతలు గీస్తాను, నోట్సు రాసుకుంటాను, ఒకటిన్నర పేజీ రాయడానికి వారం పడుతుంది. ఆమె మధ్యాహ్నం భోజనాల వేళ వర్క్‌షాపులో కూచుని చదువుతుంది. పుస్తకం విదిలిస్తే స్పాంజి పొడి రాలుతుంది. శనివారం సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ రాసుకోండి అంటుంది, టీ మరిగేలోపు చెప్పడం అయిపోతుంది. దానికి జనం నీరాజనాలు పడుతుంటే నా కడుపు మండిపోయేది. దీనికి అసూయ కాకుండా ఇంకేదైనా మర్యాదైన పేరుందా అని వెతికాను. లేదు. ఒక నెల ఆమె మాటల్లో నాలుగైదుచోట్ల 'చాలా' అనే ముక్క ఇరికించి పంపాను, కాస్త పేలవంగా ఉంటుందని. అయినా గెలిచింది.

ఐదో నెల వచ్చిన నవల ఇద్దరు అన్నదమ్ములది. ఒకే ఇంట్లో కింద ఒకరు, పైన ఒకరు, పదకొండేళ్లు మాట్లాడుకోరు. అన్న పోతాడు. తమ్ముడు మెట్లు దిగి వస్తాడు గాని ఏడవడు. ఆ రచయిత్రి మా గుంపుతో ఫోనులో వీడియో ద్వారా ముఖాముఖి మాట్లాడటానికి ఒప్పుకుందని అడ్మినమ్మ ప్రకటించింది. ఈసారి నెల వాక్యం ఎవరిదైతే వాళ్లే గుంపు తరఫున ఆవిడతో మాట్లాడాలట. ఒక నవల రాసిన మనిషితో ఎదురుబొదురుగా కూచుని మాట్లాడాలని నాకు ఆరేళ్లుగా కోరిక. ఆ వారం నేను అభిప్రాయాన్ని ఏడుసార్లు తిరగరాశాను.

శనివారం సాయంత్రం ఆమె కుషన్ కవరు ఒళ్లో పెట్టుకుని అంచు కుడుతోంది. నేను ఫోను పట్టుకుని ఎదురుగా కూచున్నాను. పాత సోఫాలు విప్పినప్పుడు లోపల దొరికే దువ్వెనల గురించి, గుండీల గురించి చెప్పింది. ఈ అన్నదమ్ముల ఇంట్లో కూడా అన్నీ సందుల్లోకే జారిపోయాయంది. బాగానే ఉంది, పర్వాలేదు, ఇంతకంటే నాదే మేలు అనుకుంటూ టైపు చేస్తున్నాను. ఆమె దారం కొరికి అంది:

"తమ్ముడు ఎందుకు ఏడవలేదని అందరూ అడుగుతారు. పోగొట్టుకుంటే ఏడుస్తాం. అతను అన్నని పోగొట్టుకోలేదు, వెతకడం మానేశాడు."

నా వేళ్లు ఆగిపోయాయి. ఏడుసార్లు తిరగరాసిన నా ఒకటిన్నర పేజీ మొత్తం దేని చుట్టూ తిరుగుతోందో, దేన్ని పట్టుకోలేకపోయిందో, అది దారం కొరికినంత తేలిగ్గా ఆమె నోట్లోంచి వచ్చేసింది.

రాశారా అని అడిగింది. ఆఁ అన్నాను. ఒకసారి చదవమంది. తెర వైపు చూస్తూ మొత్తం చదివాను, ఆ మాటలతో సహా. తెరమీద ఆ మాటలు లేవు. అప్పటికి నేను వాటిని టైపు చేయలేదు. బాగా వచ్చిందండీ, పంపేయండి అంది.

బాల్కనీలోకి వెళ్లి రెండు అభిప్రాయాలు పంపాను. దువ్వెనలూ గుండీలూ ఆమె పేరున వెళ్లాయి. మిగతాది నా ఒకటిన్నర పేజీ చివర చేరింది.

ఆదివారం అందరివీ చదివి వినిపించాను. ఆమెది వచ్చినప్పుడు ఆ మాటలు మళ్లీ నోటితోనే కలిపాను. నాది చదవలేదు. మీదేదీ అంటే, ఎప్పుడూ ఉండే గోలే కదా అన్నాను. మంగళవారానికి ఓట్లు తేలాయి. రెండు వందల పన్నెండు నాకు. మా గుంపులో ఎప్పుడూ, ఎవరికీ అన్ని రాలేదు. ఆరేళ్లలో ఇదే మీ మొదటి అసలైన వాక్యం అని రాసింది అడ్మినమ్మ. అంటే అంతకుముందు పంతొమ్మిది గాలికి పోయినట్టే. అయినా ఉబ్బిపోయాను.

నేను గెలిచానని చెబితే ఆమె మొహం వెలిగింది. ఏ వాక్యమండీ అంది. తర్వాత చెబుతాలే అన్నాను. రెండు మూడు నెలలుగా నేను మొహం మాడ్చుకుని తిరగడం ఆమె చూడకపోలేదు. రచయిత్రితో మాట్లాడే రోజుకని నా నీలం చొక్కా తనే ఇస్త్రీ చేసింది. మీరు కంగారులో తడబడతారు, ముందు మంచినీళ్లు తాగండి అని గ్లాసు తెచ్చి పక్కన పెట్టింది. వినడానికి గదిలోనే, ఫోనుకు కనపడకుండా, గోడవార కుర్చీలో కూచుంది. ఆమెను బయటికి పంపడానికి నాకు ఏ సాకూ దొరకలేదు.

రచయిత్రి సన్నగా, జలుబు చేసిన గొంతుతో ఉంది. నమస్కారాలయ్యాక ఒక కాగితం తీసి, నా నవల గురించి ఇంతకంటే నిజమైన మాట నేనింతవరకు వినలేదు అని ఆ వాక్యాన్ని నెమ్మదిగా చదివింది. నేను గోడవైపు చూడలేదు. చూడకపోయినా కుర్చీ కిర్రుమన్న చప్పుడు వినపడింది.

"మీకిది ఎలా తట్టిందండీ?" అని అడిగింది రచయిత్రి.

ఆ క్షణంలో నిజం చెప్పేసి ఉండొచ్చు. మనిషి గదిలోనే ఉంది, నాలుగడుగుల దూరంలో. కాని రెండు వందల మంది చూస్తున్నారు, రచయిత్రి నా వైపే చూస్తోంది, అంత ఇష్టంగా నావైపు ఎవరైనా చూసి ఎన్నాళ్లయిందో. మా షాపుకి ఒక ముసలాయన వచ్చాడండీ అని మొదలుపెట్టాను. పోయిన కళ్లద్దాల బదులు కొత్తవి చేయించుకోవడానికి వచ్చి, పాతవి పోలేదు బాబూ, వెతకడం మానేశానంతే అన్నాడని చెప్పాను. రచయిత్రి కళ్లు తుడుచుకుంది. ముసలాయనకు ఒక చేతికర్ర కూడా ఇచ్చాను.

అయ్యాక వంటగదిలోకి వెళ్లాను. ఆమె గిన్నెలు తుడుస్తోంది.

"ఆ ముసలాయన ఎప్పుడొచ్చాడు షాపుకి?" అంది.

ఆమె తుడిచిన గిన్నెనే ఇంకోసారి తుడిచి అరలో పెట్టింది. ఇంకేమీ అడగలేదు. తిడితే బాగుండునని ఆ పూటంతా ఎదురుచూశాను.

మరుసటి నెల శనివారం ఫోను పట్టుకుని ఆమె ఎదురుగా కూచున్నాను. చెప్పు అన్నాను. బాగుంది అని రాయండి అంది. ఇంకా అన్నాను. అంతే, బాగుంది అంది. ఆ పై నెలా అదే. చదవడం మానలేదు, పుస్తకంలోంచి స్పాంజి పొడి రాలుతూనే ఉంది. మూల కుర్చీలో కూచుని పేజీలు తిప్పుతూ ఒక్కోచోట నవ్వుకునేది కూడా. ఏమిటది అని అడిగితే, ఏం లేదండీ అని పేజీ తిప్పేసేది. గుంపులో అందరూ సోఫాగారికి ఏమైందని అడగసాగారు. ఆమె పోటీలో లేని ఆ రెండు నెలలూ నెల వాక్యం నాకు రాలేదు, లిఫ్టుకు వచ్చింది.

చివరికి తట్టుకోలేక గుంపులో ఒప్పుకున్నాను. ఆ వాక్యం నాది కాదు, నా భార్యది, ముసలాయన కూడా లేడు, నేను దొంగను అని రాశాను. మనసు విప్పి రాశాను. నిజం చెప్పాలంటే రెండుసార్లు దిద్దాను కూడా. పావుగంటలో ఇంత నిజాయితీ ఎక్కడా చూడలేదని ఒకరు, కళ్లు చెమర్చాయని ఒకరు. మూడు వందల హృదయాలు. అప్పటికి గుంపులో చేరిన రచయిత్రి కూడా ఒక దండం పెట్టింది. నేను పరిగెత్తినంత పని చేసి ఫోను తెచ్చి ఆమెకు చూపించాను, మొత్తం పైకి చదివాను, కింద వచ్చినవి కూడా.

చివరిదాకా విని అంది: "దీనికీ చప్పట్లు కొట్టించుకున్నారా?"

ఆ తర్వాత ఇరవై రోజులకు షాపులో కరెంటు పోయి మధ్యాహ్నమే వదిలేశారు. ఆమెతో కలిసి ఇంటికి వెళ్దామని వర్క్‌షాపుకు వెళ్లాను. అంతకుముందు ఎప్పుడూ లోపలికి పోలేదు, బయటే నిలబడేవాణ్ని. ఆ రోజు స్టేప్లర్ గన్నుల చప్పుడు లేదు. రేకు తలుపు సగం తీసి ఉంది. లోపల స్పాంజి దిండ్ల మీద ఏడెనిమిది మంది భోజనాల డబ్బాలు ముందు పెట్టుకుని కూచున్నారు. ఆమె మధ్యలో, ఈ నెల నవల ఒళ్లో పెట్టుకుని చెబుతోంది. చేతులు తిప్పుతోంది. ఇంట్లో ఎన్నడూ లేనంతగా మాట్లాడుతోంది. ఫ్రేములు కోసే వడ్రంగి ముద్ద నోటిదాకా తీసుకెళ్లి అలాగే ఆపేశాడు. ఫోములు అతికించే ఆమె, అయితే ఆ పిల్ల చేసింది తప్పేనా అక్కా అని అడిగింది. నా భార్య ఏదో అంది, అందరూ ఒక్కసారి తలలాడించారు. అదేమిటో నాకు సరిగ్గా వినపడలేదు.

గుంపులో మూడు వందల మంది ఆమెను మెచ్చుకున్నప్పుడు కూడా నాకు ఇంత కుళ్లు పుట్టలేదు. ఆ వడ్రంగిని చూస్తే ఒళ్లు మండింది. వాడు ఒక్క నవల కూడా చదివి ఉండడు. నెలనెలా ఇవన్నీ వింటున్నాడన్నమాట, భోజనం చేస్తూ, ఊరికే. నేను ఒక చెవి తలుపుకు ఆనించాను. నాకు తెలియకుండానే చెయ్యి జేబులోకి పోయి ఫోను బయటికి తీసింది. బొటనవేలు అప్పటికే టైపు చేసే చోట ఉంది.

ఆమె తలెత్తి నన్ను చూసింది. తర్వాత నా చేతిని చూసింది. మాట్లాడటం ఆపేసింది.

లోపల ఉన్నవాళ్లందరూ నావైపు తిరిగారు. వడ్రంగి లేచి, రండి అన్నగారూ, కూచోండి అని పక్కకు జరిగాడు.

"ఫోను గల్లాపెట్టె దగ్గర పెట్టి రండి," అంది ఆమె. "అయితేనే."

పెట్టి వచ్చాను. వడ్రంగి పక్కన దిండు మీద కూచున్నాను. ఆమె నావైపు చూడకుండా, ఫోములు అతికించే ఆమెవైపు తిరిగి, ఆపినచోట మొదలుపెట్టింది. వినడానికి ఇప్పుడు నాకు చెవులు తప్ప ఏమీ లేవు. మొదటి సగంలో ఏం చెప్పావని అడగాలనిపించింది గాని, అడగలేదు.