బాత్‌రూంలో దొరికిన చిలకలు

దాచేపల్లిలో జైతున్‌బీ పిండిమర ఎరగనివాళ్ళున్నా ఆమె గొంతు ఎరగనివాళ్ళు లేరు. ఇరవై రెండేళ్ళుగా మర మోతను మించి మాట్లాడీ మాట్లాడీ, మర ఆపేశాక కూడా ఆ గొంతు కిందికి దిగేది కాదు. భర్త పోయాక మర ఆమే నడుపుకుంటోంది. ఇంటి ముందువాటా అద్దెకిస్తుంది. అందులో రెండేళ్ళున్నవాడు శ్యామ్ సుందర్, సిమెంటు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

ఆమె గుంటూరులో పెళ్ళికి వెళ్ళినప్పుడు, బదిలీ అయిందని ఫోన్లో ఒక మాట చెప్పి, ఆదివారం సామాను లారీకెక్కించి, తాళంచెవి కిటికీలో పెట్టి వెళ్ళిపోయాడు. బుధవారం ఆమె తిరిగొచ్చి వాటా కడుగుదామని తలుపు తీసింది. బాత్‌రూంలోంచి తుప్పు పట్టిన కీలు కదిలినట్టు ఒక కీచు వినిపించింది.

తలుపు వెనకాల పంజరం. లోపల శ్యామ్ సుందర్ పెంచుకునే మూడు రామచిలకలు. ఒకటి అడుగున వెల్లకిలా పడి బిగుసుకుపోయి ఉంది. మిగతా రెండూ ఒకదాన్నొకటి ఆనుకుని మూలకి నక్కాయి. నీళ్ళ గిన్నె ఎండిపోయి ఉంది. పంజరానికి జానెడు దూరంలో కుళాయి.

గిన్నె నిండా నీళ్ళు పోసి, జైతున్‌బీ అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"అవా ఆంటీ! లారీలో చోటు చాల్లేదు. మీకు కాలక్షేపంగా ఉంటాయని వదిలేశా. ఉంచేసుకోండి."

"బాత్‌రూంలోనా? మూడు రోజులు నీళ్ళు లేకుండానా? ఒకటి చచ్చిపోయిందయ్యా!"

"అయ్యో. అయినా చిలకే కదా ఆంటీ. డ్రైవింగ్‌లో ఉన్నా, మళ్ళీ చేస్తా."

మళ్ళీ చెయ్యలేదు. ఆమె చేస్తే ఎత్తలేదు. చచ్చినదాన్ని పాతగుడ్డలో చుట్టి గోరింట చెట్టు మొదట్లో పాతిపెట్టింది. గుంట తవ్వుతున్నంతసేపూ తిడుతూనే ఉంది.

పశువుల ఆసుపత్రిలో డాక్టరు నజ్మీన్ రెక్కలు విప్పి చూసింది. "కత్తెరతో కత్తిరించారు జైతున్‌బీ గారూ. కొత్త ఈకలు రావాలంటే నెలలు పడుతుంది. ఇప్పుడు వదిలితే పిల్లుల పాలే. అసలు రామచిలకల్ని ఇంట్లో పెట్టుకోవడమే నేరం. ఫారెస్టు వాళ్ళతో నేను మాట్లాడతాను. ఎగిరేదాకా మీరు చూడగలరా?"

"ఇంకెవరు చూస్తారమ్మా?" అంది జైతున్‌బీ. అడిగినందుకు డాక్టరమ్మ మీద కూడా కోపమొచ్చింది.

మరలో ఆడించే మిరప ఘాటు తగలకుండా పంజరాన్ని వెనక వసారాలో పెట్టింది. గింజలు వెయ్యబోతే పెద్ద చిలక బొటనవేలు పట్టుకుని చీరేసింది. చిన్నది చెయ్యి కనబడితే చాలు, పంజరం ఊచలకి తల కొట్టుకునేది. శ్యామ్ సుందర్ చేతులు ఈ పిట్టల్ని ఎంత భయపెట్టి ఉంటాయో తలుచుకునేసరికి ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. కారం పట్టించుకోవడానికొచ్చిన ప్రతివాళ్ళనీ వసారాలోకి తీసుకొచ్చి, పంజరం పక్కనే నిలబడి, మొదటి నుంచీ చివరిదాకా చెప్పేది. చెబుతూ చెబుతూ శ్యామ్ సుందర్‌ని ఏడు తరాల వెనక నుంచీ తిట్టేది.

చిన్నది రొమ్ము మీది ఈకలు పీక్కోవడం మొదలుపెట్టింది.

మరలో మిరపకాయల తొడిమలు తీసే వీరమ్మ వారం రోజులు చూసి ఊరుకోలేకపోయింది. "అక్కా, ఒకమాట చెబుతా, నన్ను తిట్టబోకు. నువ్వు ఆయన్ని తిట్టినప్పుడల్లా ఇవి బిగుసుకుపోతన్నాయి. ఆయన ఎక్కడో హాయిగా ఉన్నాడు. ఆ తిట్లన్నీ వీటికి తగులుతన్నాయి."

"నీ పని నువ్వు చూసుకోవే!" అని అరిచింది జైతున్‌బీ. ఆ అరుపుకి రెండు చిలకలూ పంజరం వెనక్కి ఎగిరిపడ్డాయి. ఈసారి ఆమె కళ్ళారా చూసింది. ఆ పూట అన్నం సయించలేదు. వాడి మీద కోపం వాడిదాకా పోనేలేదు. మధ్యలో పడింది ఈ పిట్టల మీద.

మర్నాటి నుంచి ముక్కాలిపీట వేసుకుని, పంజరానికి వీపు పెట్టి కూర్చుని బియ్యం ఏరుకునేది. మాట్లాడాల్సి వస్తే గొంతు దించి మాట్లాడేది. అలా దించడం మూట దించడం కన్నా కష్టంగా ఉండేది. లోపల కుతకుతలాడుతున్నా నోరు కదలనిచ్చేది కాదు. మరకొచ్చినవాళ్ళు "ఒంట్లో బాగోలేదా అక్కా?" అని అడిగేవాళ్ళు.

పదిహేనో రోజున పచ్చిమిరపకాయ చీల్చి, వెనక్కి తిరక్కుండానే ఊచల దగ్గర పట్టుకుంది. చెయ్యి తిమ్మిరెక్కింది. చివరికి మిరపకాయ మెల్లగా కదిలింది. పెద్దది గింజలు ఒలుచుకుంటున్న చప్పుడు వింటూ ఆమె కదలకుండా కూర్చుండిపోయింది. ఇంకో నెలకి చిన్నది కూడా చేతి దగ్గరికొచ్చింది. రొమ్ము మీద లేత ఈకలు మొలిచాయి.

ఏప్రిల్ చివర్లో శ్యామ్ సుందర్ కారు దిగాడు. స్వీట్ల పెట్టె కూడా తెచ్చాడు.

"చిలకలు తీసుకెళ్దామని వచ్చా ఆంటీ. మా మేనేజరు గారి పాప పుట్టినరోజు. ఆ అమ్మాయికి చిలకలంటే ప్రాణం."

ఆ గొంతు వినగానే వసారాలో రెండూ గోల పెట్టాయి. అతను తిన్నగా అక్కడికి నడిచి పంజరం తలుపు తీసి చెయ్యి పెట్టాడు. పెద్దది కసుక్కున కొరికింది. "నీ..." అంటూ పంజరాన్ని గుద్దాడు.

జైతున్‌బీ అతని మణికట్టు పట్టుకుంది. మూటలెత్తిన చెయ్యి అది. ఊరంతా వినబడేలా అరవాలని ప్రాణం కొట్టుకుంది. కానీ అరవలేదు. అతని ముఖానికి దగ్గరగా వచ్చి, గుసగుసగా అంది:

"చెయ్యి తియ్యి."

"ఏంటాంటీ, నా చిలకలు..."

"నెమ్మదిగా మాట్లాడు. నీవి కావు. నావీ కావు. మూడిట్ని బాత్‌రూంలో పడేసి పోయావు. ఒకదాన్ని నా చేతులతో పాతిపెట్టాను. నీ పేరూ ఫోన్ నంబరూ డాక్టరమ్మ ఫారెస్టు వాళ్ళకి ఎప్పుడో రాసిచ్చింది. రమ్మంటావా వాళ్ళని? మీ మేనేజరు గారిని కూడా పిలుద్దాం. పాపకి ఏం కానుకిస్తున్నావో తెలుసుకుంటాడు."

అరిచి ఉంటే అతను భయపడేవాడు కాదేమో. ఈ గుసగుసకి మాత్రం రెండడుగులు వెనక్కేశాడు. వీరమ్మ స్వీట్ల పెట్టె తెచ్చి అతని చేతిలో పెట్టి గేటు తీసింది.

కారు మలుపు తిరిగాక జైతున్‌బీ వంటింట్లోకి వెళ్ళింది. పచ్చిమిరపకాయ తీసుకుని పంజరం దగ్గరికెళ్ళింది. పెద్దది ఆమె వేలు కూడా రక్తం వచ్చేలా కొరికింది. చిన్నది అటు తిరిగి కూర్చుంది. రెండు నెలల పాటు బతిమాలి తెచ్చుకున్నదంతా ఒక్క గుద్దుతో పోయింది. వాణ్ణి రోడ్డు మీదే నాలుగు తన్నాల్సిందని ఆమెకి ఆ రోజూ మర్నాడూ అనిపిస్తూనే ఉంది.

అయినా ముక్కాలిపీట మళ్ళీ వేసుకుంది. వీపు పెట్టి కూర్చుంది. పదకొండో రోజున పంజరం తలుపు తీసి ఉంచి పెసలు ఏరుతుంటే, భుజం మీద ఏదో బరువు వాలింది. సన్నటి గోళ్ళు జాకెట్టులోంచి గుచ్చుకున్నాయి. చిన్నది. కొత్త ఈకలతో అంత దూరమే ఎగరగలిగింది.

ఆమె చేటలోంచి ఒక గింజ తీసి, నెమ్మదిగా, భుజం పక్కగా పైకి పట్టుకుంది.