పిరికి మీటలు

ఇజ్రాయెల్‌లోని హైఫాలో కంప్యూటర్ ప్రాసెసర్లు గీసే ఎల్కానా, ప్రాసెసర్‌కు గుండెకాయలాంటి పాత కోర్‌కు అతుకులు వేసింది చాలు, ఈసారి మొదటినుంచీ కొత్తగా గీస్తానని మీటింగులో బల్ల గుద్దాడు. కాకపోతే ఇంటి తాళాన్ని మూడుసార్లు లాగి చూసుకునే మనిషి. చేర్చిన ప్రతి కొత్త హంగుకూ, బెడిసికొడితే పాత పద్ధతికి మళ్లడానికి ఓ మీట పెట్టుకున్నాడు. ఆ వృత్తిలో అందరూ పెట్టేవే, పిరికి మీటలంటారు. ఈయన నలభై ఒకటి పెట్టాడు.

ఆ కొత్త కోర్‌కు పరీక్షలు చేసే నిలీ అన్నిటినీ ఒకేసారి నొక్కి చూసి, భోజనాల బల్ల దగ్గర అతన్ని పట్టుకుంది.

“అయ్యా విప్లవకారుడా, ఏం మిగిలిందో తెలుసా? మన పాత కోరే! పైగా దానికన్నా నెమ్మది.”

“అన్నీ ఒకేసారి ఎవరు నొక్కుతారమ్మా?”

“భయపడ్డవాడు.”

ఆ భయపడ్డవాణ్ణి ఎల్కానా రోజూ గడ్డం గీసుకుంటూ అద్దంలో చూస్తూనే ఉన్నాడు. శనగల ముద్ద హమ్మస్ తింటున్న గిన్నెను రొట్టెతో తుడిచేసి, లేచి వెళ్లి, అన్నిటినీ ఒక్క దెబ్బతో నొక్కే నలభై రెండో మీట పెట్టాడు.