వెనక నుంచి చదివే మనిషి

తప్పు అక్షరం కనిపిస్తే నాకు ఒళ్లు మండుతుంది. హోటల్లో మెనూ ఇచ్చినా, డాక్టరు చీటీ ఇచ్చినా ముందు పెన్ను తీస్తాను. "నీ పక్కన నడవాలంటే సిగ్గేస్తుందే" అంటుంది మా అక్క. ఇరవై ఆరేళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని. ప్రెస్సు మూతపడినంత మాత్రాన చెయ్యి ఊరుకుంటుందా?

ఈ పని నాకు అంటగట్టింది కూడా అక్కే. తను పిల్లల ఆసుపత్రిలో హెడ్ నర్సు. మందుని కొంచెం కొంచెంగా ఒంట్లోకి ఎక్కించే పంపులు ఉంటాయి వాళ్ల వార్డులో. వాటిని నడిపించే సాఫ్ట్‌వేర్ ఏ కంపెనీదీ కాదు. ఎవరెవరో తీరిక వేళల్లో రాసి ఇంటర్నెట్‌లో పెట్టారు. ఎవరైనా తీసుకోవచ్చు. పైసా ఇవ్వక్కర్లేదు, పేరు కూడా చెప్పక్కర్లేదు. పంపుని ఎలా వాడాలో చెప్పే పుస్తకం మన భాషలో ఉంది కానీ, అదంతా తప్పుల తడక.

"కాస్త దిద్దవే. నీ దురదా తీరుతుంది, మా కొత్త నర్సు పిల్లలకీ అర్థమవుతుంది" అంది అక్క.

అలా మూడేళ్లు గడిచాయి. నాలాంటివాళ్లం దిద్దినవన్నీ మూటకట్టి పంపితే, ఆ పుస్తకం తాళాలు దగ్గర పెట్టుకున్న ఒకాయన చూసి లోపల కలుపుతాడు. నేనాయన్ని తాళాలాయన అంటాను. ముఖం ఎప్పుడూ చూడలేదు. మొదట్లో ప్రతి కామా దగ్గరా తగువే. ఏడాది తిరిగేసరికి, "మీరు చూశారంటే ఇంక నేను చూడక్కర్లేదు" అని రాశాడు. బయటివాళ్లు పంపే అక్షరదోషాల మూటలు కూడా నా వైపే తోసెయ్యడం మొదలుపెట్టాడు. ప్రతి పేజీ అడుగునా 'సరిచూసినది' అని నా పేరు వేయించాడు. ఆ వారమంతా నా కాళ్లు నేల మీద లేవు.

నా పద్ధతి ఒకటుంది. నేను వెనక నుంచి చదువుతాను. ప్రెస్సులో చేరిన కొత్తలో మా పెద్దాయన నేర్పాడు. ముందు నుంచి చదివితే మనసు విషయంలో పడిపోతుంది, కన్ను తప్పుని మింగేస్తుంది. అందుకని పేజీలో ఆఖరి మాట దగ్గర మొదలుపెట్టి, ఒక్కో మాటనీ విడదీసి చూసుకుంటూ పైకి రావాలి. చదివింది బుర్రకెక్కకూడదు. ఎక్కిందంటే మళ్లీ మొదటికి రావాల్సిందే. ఇలా చదివి నేను వదిలేసిన తప్పు లేదు. గొప్పకి చెప్పడం లేదు. సరే, గొప్పకే చెబుతున్నాను.

ఎనిమిది నెలల కింద కొత్త మనిషి ఒకడు వచ్చాడు. వారానికి ఒక మూట పంపేవాడు. చక్కటి దిద్దుబాట్లు, వంక పెట్టడానికి ఉండేది కాదు. ప్రతి ఉత్తరం చివరా మూడుసార్లు ధన్యవాదాలు. నేను వాడికి 'వినయం' అని పేరు పెట్టుకున్నాను. ఒకరోజు అడిగాడు, "ఒక్క తప్పు కూడా వదలకుండా ఎలా పట్టుకుంటారండీ?" అని. ఎవరైనా నన్ను ఆ మాట అడిగి ఎన్నేళ్లయిందో! వెనక నుంచి చదవడం గురించి రెండు పేజీలు రాసి పంపాను. పెద్దాయన సంగతి కూడా చెప్పాను. వాడు ఆరుసార్లు ధన్యవాదాలు చెప్పాడు.

తర్వాత రెండు వారాలకి పెద్ద మూట వచ్చింది. రెండు వందల పన్నెండు దిద్దుబాట్లు. ఆఖరి మాట నుంచి మొదటి మాట దాకా చూశాను. ఒక్క తప్పు లేదు. 'బాగుంది, కలిపెయ్యండి' అని రాశాను. సోమవారం కలిసిపోయింది.

గురువారం మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుంటే అక్క ఫొటో పంపింది. వార్డులో పంపు పక్కన గోడకి అతికించిన కాగితం. కింద నా పేరు. 'ప్రతి మంచం దగ్గరా పెట్టించా. మా చెల్లి చూసింది, కళ్లు మూసుకుని ఫాలో అయిపోండి అని కొత్తమ్మాయిలకి చెప్పా' అని రాసింది. మురిసిపోయాను. ఫొటో పెద్దది చేసి, ఊరికే, అందరూ చదివినట్టు పై నుంచి చదివాను.

మందు సంచి మార్చే పద్ధతి అది. మూడు: పంపు ఆపండి. నాలుగు: పంపు తలుపు తెరవండి. ఐదు: ట్యూబు మీది క్లిప్పు మూయండి.

ముద్ద నోట్లోనే ఉండిపోయింది.

పోయిన ఏడాది వంటింటి సింకు దగ్గర అక్క నీళ్ల సంచి వేలాడదీసి నాకు చూపించింది. "తలుపు మూసి ఉన్నంతసేపే పంపు ట్యూబుని పట్టుకుంటుంది. అందుకే ముందు క్లిప్పు మూయాలి, తర్వాతే తలుపు. క్లిప్పు మర్చిపోయి తలుపు తీశావనుకో..." అంటూ ట్యూబుని నొక్కి పట్టుకున్న చెయ్యి వదిలేసింది. నీళ్లు బుడబుడమని కారిపోయాయి. "రోజంతా ఎక్కాల్సిన మందు రెండు నిమిషాల్లో ఒంట్లోకి పోతుంది. పెద్దవాళ్లయితే తట్టుకుంటారేమో, నాలుగేళ్ల పిల్ల తట్టుకోదే" అంది.

నాలుగు, ఐదు తారుమారయ్యాయి. మాటలన్నీ సరిగ్గానే ఉన్నాయి. వరస ఒక్కటే మారింది, కింది నుంచి పైకి వచ్చేవాళ్లకి వరస కనిపించదు. ఆ సంగతి ఆ వినయానికి నేనే రాసి పంపాను.

అక్కకి ఫోన్ చేశాను. ఎత్తలేదు. ఫొటో పంపి డ్యూటీ ఎక్కేసి ఉంటుంది, డ్యూటీలో వాళ్ల ఫోన్లన్నీ లాకర్లో ఉంటాయి. ఆసుపత్రి నంబరు ఎంతసేపటికీ బిజీ. ఎంగిలి చెయ్యి చీరకి తుడుచుకుని వీధిలో పడ్డాను. రెండు వీధుల దూరం. యాభై ఎనిమిదేళ్ల మోకాళ్లు ఎలా మోశాయో నాకే తెలీదు. లిఫ్టు దగ్గర జనం ఉంటే మెట్లెక్కాను.

వార్డు తలుపు తోసేసరికి, కిటికీ పక్క మంచం దగ్గర కొత్త నర్సు ఒకమ్మాయి నిలబడి ఉంది. గోడ మీది కాగితాన్ని వేలు పెట్టి చదువుతోంది, బుద్ధిగా, పైకి వినపడేలా. మంచం మీద ఒక చిన్నపిల్ల బొమ్మ చెవి నములుతోంది.

"నాలుగు. పంపు తలుపు తెరవండి" అంటూ ఆ అమ్మాయి గొళ్లెం మీద చెయ్యి వేసింది.

"ఆగమ్మా! తియ్యకు!" అని అరిచాను.

ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. గొళ్లెం టక్కుమని ఊడింది.

పక్క మంచం దగ్గరున్న అక్క నా వైపు కూడా చూడలేదు. రెండంగల్లో వచ్చి ట్యూబుని రెండు వేళ్లతో నొక్కి పట్టేసింది. ఇంకో చేత్తో క్లిప్పు మూసింది. మూసిన తర్వాత కూడా వేళ్లు వదల్లేదు. పిల్ల మమ్మల్ని వింతగా చూసి మళ్లీ బొమ్మ నమలడం మొదలుపెట్టింది.

అక్క కాగితం చదివింది. రెండోసారి చదివింది. కింద నా పేరు దగ్గర ఆగింది.

"నువ్వు చూశావనే కదే నేను చూడలేదు" అంది మెల్లగా.

చచ్చిపోవాలనిపించింది. మంచాల దగ్గరి కాగితాలన్నీ ముగ్గురం కలిసి చింపేశాం. తాళాలాయనకి అక్కడి నుంచే రాశాను. పాపం, నిమిషాల్లో వరస మార్చేశాడు. వినయం ఖాతా కోసం వెతికితే, అలాంటి ఖాతా ఏదీ లేదని వచ్చింది.

"పోనీలే, సరిచేశారుగా" అంది అక్క స్టూలు మీద కూలబడుతూ. ఇంతలోనే తలెత్తింది. "ఇదివరకే తీసుకున్నవాళ్ల సంగతి? సోమవారం నుంచి ఎంతమంది తీసుకుని ఉంటారు?"

ఆ లెక్క పుస్తకం పేజీ మీదే ఉంటుంది. ఫోన్ తిప్పి చూపించాను. మూడు వందల పదహారు. అంకె ఒక్కటే, పేర్లు లేవు.

"మరి నా మొహం చూస్తావేంటే? వాళ్లందరికీ ఫోన్ చెయ్యి!"

"ఎవరికక్కా?" అన్నాను.